బోర్లించని గిన్నె

అమ్మ టీవీ మీద దుప్పటి కప్పేసింది. కప్పి ఊరుకోలేదు. అంచులు వెనక్కి మడిచి, ఫ్యాను గాలికి కూడా తొలగకుండా పిన్నులు గుచ్చింది.

"దానికేమైనా జ్వరం వచ్చిందా అమ్మా?" అన్నాడు తమ్ముడు, బూట్ల లేసులు కట్టుకుంటూ.

మామూలుగా అయితే వాడి నెత్తిన ఒక మొట్టికాయ పడేది, వెనకాలే అమ్మ నవ్వు వినపడేది. ఇవాళ అమ్మ వాడి వైపు చూడనైనా లేదు. వాడు అక్క పిట్ట వైపు చూశాడు. ఆమె కళ్ళతోనే వెళ్ళమంది. బ్యాంకుకి ఆలస్యమవుతోందన్న సాకు వాడికి ఎప్పుడూ చేతిలో సిద్ధంగా ఉంటుంది. ఇవాళా అదే పట్టుకుని గడప దాటాడు.

పిట్ట అన్నది ఇంటి పేరూ కాదు, అసలు పేరూ కాదు. పుట్టినప్పుడు అరచేతిలో పట్టేంత ఉందని నాయనమ్మ అన్న మాట అలాగే ఉండిపోయింది. టీవీ సీరియళ్ళ లోకంలో ఆమె మాటంటే ఇప్పుడు నలుగురూ లేచి నిలబడతారు. ఈ గడప లోపల మాత్రం పిట్ట పిట్టే.

పోయిన గురువారం పిట్ట రాసిన ఎపిసోడ్ చివర్లో అమ్మ లేచి లోపలికి వెళ్ళింది. అప్పట్నుంచి అడిగితే ఒక మాట, అడక్కపోతే అదీ లేదు. తిండి సగానికి పడిపోయింది. ఇవాళ మళ్ళీ గురువారం. సాయంత్రం రెండో భాగం వస్తుంది.

"ఎన్నాళ్ళిలా అమ్మా? కోపముంటే తిట్టు. తిట్టించుకోవడం నాకేం కొత్తా?"

"నాకెందుకు కోపం."

"మరి ఆ దుప్పటేంటి?"

"దుమ్ము పడుతోంది."

"ఇన్నేళ్ళూ పడని దుమ్ము ఈ వారమే పడిందా?"

అమ్మ గుడ్డ తీసుకుంది. లేని దుమ్ము కోసం బల్ల తుడుస్తూ ఉండిపోయింది.

పిట్టకి ఇది మింగుడు పడడం లేదు. నాన్న రాసిన డిటెక్టివ్ కథలు టీవీకెక్కుతున్నాయంటే అందరికన్నా ఎక్కువ సంబరపడింది అమ్మే. కొలతలాయన మొదటిసారి తెర మీద కనపడిన రోజున, "నడకతో సహా మీ నాన్న రాసినట్టే ఉన్నాడే" అని కళ్ళు తుడుచుకుంది కూడా.

కొలతలాయన నాన్న పుట్టించిన డిటెక్టివు. వృత్తి దర్జీపని. ఎవరి మీద అనుమానం ఉన్నా టేపు తీసి, "కొంచెం చేతులు చాచండి" అంటాడు. భుజాలు, ఛాతీ, నడుము కొలుస్తూ మాటల్లో పెడతాడు. చేతులు చాచి నిలబడ్డ మనిషి సరిగ్గా అబద్ధమాడలేడని ఆయన నమ్మకం. ఒకప్పుడు ఆ కథల కోసం జనం వారపత్రిక కట్టలు విప్పకముందే కొట్టు ముందు కాచుకుని ఉండేవారు.

"కథ మార్చాననేగా నీ బాధ?" పిట్ట గొంతు పెరిగింది. "నాన్న కథలు జనానికి కంఠతా వచ్చు. చంపిందెవరో ముందే తెలిస్తే ఎవరు కూర్చుని చూస్తారు? అందుకే అప్పుడప్పుడూ నేరస్థుణ్ణి మారుస్తున్నాం. ఇదివరకూ మార్చాం. అప్పుడు నువ్వు చప్పట్లు కొట్టావు."

"మార్చుకో. వద్దన్నానా?"

"మరెందుకమ్మా ఈ మౌనం?"

అమ్మ చేతిలో గుడ్డ ఆగింది.

"గిన్నె నిటారుగా ఉందని నీకెవరు చెప్పారు?"

పిట్టకి ప్రశ్న అర్థం కాలేదు. "ఎవరో చెప్పడమేంటి? నేనే అలా రాశాను."

"మీ బాబాయి చెప్పాడా?"

బాబాయి ప్రసక్తి ఈ ఇంట్లో అమ్మ నోట వినడం ఆమెకి గుర్తున్నంతలో ఇదే మొదలు.

పేచీ అంతా ఒక గిన్నె దగ్గరుంది. నాన్న రాసిన కథల్లో అందరికీ తెలిసిన కథ అది. ఒక ఇంట్లో మంచాన పడ్డ ముసలావిడ. సాయంత్రం పూట ఆమెకి ఒక్క మోతాదు మందే పడాలి. రెండోది పడితే గుండె ఆగుతుంది. అందుకని ఆ ఇంట్లో ఒక పద్ధతి పెట్టుకున్నారు. మందిచ్చినవాళ్ళు చిన్న స్టీలు గిన్నె కడిగి పళ్ళెంలో బోర్లించాలి. బోర్లించి ఉంటే ఇచ్చినట్టు, నిటారుగా ఉంటే ఇంకా ఇవ్వనట్టు. కోడలు మందిచ్చి గిన్నె బోర్లించి వెళ్తుంది. తరవాత వచ్చిన చిన్నకొడుకు మళ్ళీ పోస్తాడు. ముసలావిడ తెల్లవారి లేవదు. గిన్నె చూసుకోలేదంటాడు చిన్నకొడుకు.

అప్పుడు కొలతలాయన అతని చేతులు చాపించి అంటాడు: "బోర్లించిన గిన్నెలో మందు పొయ్యలేం బాబూ. ఎత్తాలి, తిప్పాలి, పట్టుకోవాలి. కళ్ళు చూడకపోయినా చెయ్యి చూస్తుంది."

జనం నోళ్ళలో నానిన మాట అది. దాన్ని దాటి కొత్త ముగింపు రాయడానికి పిట్ట తల పట్టుకుంది. చివరికి దొరికింది. వదిన మందిచ్చి కావాలనే గిన్నె నిటారుగా ఉంచుతుంది. అమాయకుడైన మరిది వచ్చి, ఇంకా ఇవ్వలేదనుకుని పోస్తాడు. చంపింది అతని చెయ్యి, చంపించింది ఆమె గిన్నె. దర్శకుడు ఎగిరి గంతేశాడు. మొదటి భాగం చివర, పాత ముగింపుకీ కొత్తదానికీ సరిపోయేలా, ఎవరు అలా పెట్టారో చూపకుండా కెమెరా నిటారుగా ఉన్న గిన్నె మీద చాలాసేపు నిలబడింది. అమ్మ లేచి వెళ్ళింది అక్కడే.

"అది కథ కాదే పిట్టా," అంది అమ్మ. "మన ఇల్లు."

"నాయనమ్మ నిద్రలో పోయిందన్నారుగా?"

"నిద్రలోనే పోయింది. ఎందుకు పోయిందో నువ్వడగలేదు. మేమూ చెప్పలేదు."

పిట్ట కుర్చీలో కూర్చుండిపోయింది. అమ్మ నిలబడే మాట్లాడింది. టీవీ మీది దుప్పటి అంచు లాగుతూ, సర్దుతూ మాట్లాడింది.

"ఆ సాయంత్రం మందు నేనే ఇచ్చాను. గిన్నె కడిగాను. అంతవరకూ నాకు తెలుసు. బోర్లించానో లేదో తెలీదు. ఏదో పని పడి అవతలికి వెళ్ళాను."

"ఏం పని?"

"గుర్తు లేదు." ఆ మాట కాస్త తొందరగా వచ్చింది. "తరవాత మీ బాబాయి వచ్చి కూర్చున్నాడు. తనూ ఇచ్చాడు. తెల్లవారి మీ నాన్న నిలదీస్తే, గిన్నె బోర్లించే ఉంది, నేనే చూసుకోలేదు అన్నాడట. ఆ మాట నా చెవిన పడగానే ప్రాణం లేచొచ్చింది. అమ్మయ్య, నేను బోర్లించే ఉన్నాను అనుకున్నాను."

"తరవాత నాన్న కథ రాశారు."

"రాశారు. అందులో కోడలు గిన్నె బోర్లించి వెళ్తుంది. ఆ పేజీ ఎన్నిసార్లు చదివానో నాకే తెలీదు. చదవగా చదవగా, నా చేత్తో నేను బోర్లించినట్టు కళ్ళకి కట్టడం మొదలైంది. ఇన్నేళ్ళూ అదే పట్టుకుని బతికాను."

"మరి బాబాయి?"

అమ్మ దుప్పటికి గుచ్చిన పిన్ను ఒకటి తీసి, మళ్ళీ అక్కడే గుచ్చింది.

"నేను బోర్లించానంటే అతను తెలిసి చంపినట్టే. మీ నాన్న అలాగే తేల్చారు. నేను కాదనలేదు." అమ్మ గొంతు చిన్నదైపోయింది. "తల్లిని చంపుకునే మనిషా అతను? కాదని నాకు తెలుసు. తెలిసీ కాదనలేదు."

పిట్టకి ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. ఆస్తి తగాదా అని చెప్పారు పిల్లలకి. నాలుగు వీధుల అవతల కళ్ళజోళ్ళ దుకాణంలో బతుకుతున్న బాబాయి ఆమెకి ఊహ తెలిశాక ఒక్కసారైనా ఈ గుమ్మం తొక్కలేదు. నాన్న పోయిన రోజున వీధి మలుపులో నిలబడి, జనం కదిలాక వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. ఎంత పౌరుషమో అనుకుంది తను అప్పుడు.

"వెళ్ళి అడిగి రా," అంది అమ్మ. "ఆ గిన్నె ఎలా ఉందో చూసినవాడు అతనొక్కడే. సాయంత్రం లోపల నాకు తెలియాలి."

"నిటారుగా ఉందంటే?"

"అప్పుడు ఏ మొహం పెట్టుకుని బతకాలో నేను చూసుకుంటాను."

*

బాబాయి దగ్గరికి వెళ్ళే ముందు పిట్ట ఎడిటింగ్ గదికి వెళ్ళింది. ధైర్యం చాలక వెళ్ళిందనే చెప్పాలి.

కిటికీల్లేని గది. వరసగా తెరలు, వాటి ముందు తాగి వదిలేసిన టీ కప్పులు, వాటి మధ్య దర్శకుడు. గడ్డం మాసి, చొక్కా నలిగి, ఆ కప్పుల్లో ఒకదానిలా ఉన్నాడు.

"రండి రైటర్‌గారూ. కొత్త ముగింపు ఒక్కసారి చూడండి, ఒళ్ళు జలదరిస్తుంది."

ముగింపు బయటికి పొక్కకుండా వాళ్ళు ప్రతి కథకీ రెండు ముగింపులు తీస్తారు, పుస్తకంలోది ఒకటి, కొత్తది ఒకటి. ఏది ప్రసారమవుతుందో నటులకి కూడా చెప్పరు. చివరి మాట పిట్టది. ఆ మాట మధ్యాహ్నం లోపల చెప్పాలి.

తెర మీద వదిన వేషం వేసిన అమ్మాయి గిన్నె కడిగింది. నిటారుగా పెట్టింది. పెదవి చివర చిన్న నవ్వు నవ్వింది.

ఆ నవ్వు పిట్ట చెప్పి నవ్వించిందే. షూటింగ్ రోజు ఆ అమ్మాయి అడిగింది కూడా. "మేడమ్, ఈవిడ ఊరికే మరిచిపోయి ఉండకూడదా? మనిషన్నాక మరుపు ఉంటుంది కదా?" పిట్ట పెద్దరికంగా నవ్వి, "పొరపాటు మీద ఎపిసోడ్ నడవదమ్మా, నేరం కావాలి" అంది. చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపారు. ఇప్పుడా మాట తలుచుకుంటే ఆమెకి ఒళ్ళు మండింది, తన మీద తనకే.

"డైరెక్టర్‌గారూ, ఎవరూ చంపలేదని చూపిస్తే?"

"అంటే?"

"ఆవిడ మరిచిపోయింది. ఇతను తెలియక పోశాడు. అంతే."

దర్శకుడు కుర్చీ తిప్పి ఆమెని ఎగాదిగా చూశాడు. "అప్పుడు కొలతలాయన ఏం చేస్తాడు మేడమ్? కొలతలు తీసి, రెండు చొక్కాలు కుట్టి ఇచ్చి వెళ్తాడా?"

గదిలో ఇద్దరు నవ్వారు. ఇంకో రోజైతే పిట్టా నవ్వేది.

"ఉన్నవి రెండే. ఈ రెండిట్లో ఏదో చెప్పండి. మీ ఫోన్ కోసం చూస్తుంటాను."

*

బాబాయి దుకాణం ఇరుకు గది. గోడ నిండా ఫ్రేములు. మూల బల్ల మీద చిన్న టీవీ. బాబాయి దీపం కింద వంగి, ఎవరిదో కళ్ళజోడు కాడకి మరమేకు బిగిస్తున్నాడు. అందరికీ చూపు సరిచేసే ఆయన కళ్ళజోడు మటుకు ఒక పక్క దారంతో కట్టి ఉంది.

"పిట్టా," అన్నాడు తలెత్తి. ఆశ్చర్యపోలేదు. "ఈ వారం వస్తావనుకున్నాను."

చిన్నప్పుడు బడికి వెళ్ళే దారిలో ఆమె ఇక్కడ ఆగేది. బాబాయి అద్దాలు తుడిచి, ముక్కు మీద సరిచేసి పంపేవాడు. ఇంటి సంగతులు అడిగేవాడు కాదు. ఈమె చెప్పేదీ కాదు.

"ఎపిసోడ్ చూశావా బాబాయ్?"

"ప్రతి వారం చూస్తాను. కొలతలాయన వేషం వేసినతను బాగా చేస్తున్నాడు. అన్నయ్య రాసిన నడక పట్టేశాడు."

"అమ్మ పంపింది."

మర తిప్పుతున్న చెయ్యి ఒక్క క్షణం ఆగి, మళ్ళీ కదిలింది. "వదిన ఒంట్లో బాగుంటోందా?"

"గిన్నె ఎలా ఉందో అడిగి రమ్మంది."

"ఎలా ఉండడమేంటి? బోర్లించే ఉంది. చీకటి పడింది, నేనే చూసుకోలేదు. వదినతో అదే చెప్పు."

ఎప్పుడో నేర్చుకుని సిద్ధంగా పెట్టుకున్న జవాబులా గడగడా వచ్చింది. నమ్మాలనే అనుకుంది పిట్ట. నమ్మితే పని తేలికవుతుంది. కానీ నాన్న కథ ఆమెకి అక్షరం అక్షరం వచ్చు.

"బోర్లించిన గిన్నెలో మందెలా పోశావు బాబాయ్?"

ఆయన చేతిలోంచి సన్న మర జారి బల్ల మీద దొర్లింది. ఇద్దరూ దాని కోసం వెతికినట్టు బల్లకేసే చూశారు.

"మీ నాన్న కూతురివే," అన్నాడు చివరికి. "అన్నయ్యా ఇదే అడిగాడు. ఇదే మాట. చెప్పలేకపోయాను."

"నిటారుగానే ఉంది కదూ?"

బాబాయి కళ్ళజోడు తీసి పక్కన పెట్టాడు. అది లేకుండా ఆయన మొహం అచ్చం నాన్న మొహంలా ఉండడం పిట్ట ఎప్పుడూ చూడలేదు.

"వదిన గిన్నె కడిగి చేతిలో పట్టుకుని ఉంది. నేను వసారాలోంచి చూస్తున్నాను. ఇంతలో ఉయ్యాల్లోంచి ఏడుపు. ఉత్త ఏడుపు కాదు, గుక్కపట్టావు నువ్వు. అప్పటికి రెండుసార్లు అలా గుక్కపట్టి నీలం తిరిగావు. వదిన గిన్నె ఎలా పడితే అలా పళ్ళెంలో పడేసి పరిగెత్తింది. ఇచ్చాక కడిగిందని నాకు తెలీదు, ఇవ్వబోతూ వెళ్ళిందనుకున్నాను. వెళ్ళి చూస్తే నిటారుగా ఉంది. పోశాను."

"నాయనమ్మ ఏమీ అనలేదా?"

"మాట పడిపోయి అప్పటికి నెలయింది. నాకేసి చూసింది. దాహమేమో అనుకుని నీళ్ళు కూడా తాగించాను."

పిట్ట నేరస్థుల్ని పట్టే కథలు రాస్తూ బతికింది ఇన్నేళ్ళూ. ఈ కథకంతటికీ మూలం ఉయ్యాల్లో ఏడ్చిన తన గొంతని ఎప్పుడనుకుంది!

"నిజం చెప్పెయ్యాల్సింది బాబాయ్."

"చెప్తే ఏమయ్యేది? తప్పు వదిన మీద పడేది. చంటిపిల్ల తల్లి. ఆ పిల్ల దక్కుతుందో లేదో అని అప్పటికే మనిషి సగమైపోయింది. నా మీద వేసుకుంటే అజాగ్రత్త అంటారు, నాలుగు తిడతారు, ఊరుకుంటారనుకున్నాను." బాబాయి నవ్వబోయి మానేశాడు. "అన్నయ్య డిటెక్టివ్ కథలు రాసేవాడని ఆలోచించలేదు. అబద్ధంలో చిల్లు ఇట్టే పట్టేశాడు. చిల్లుందని తెలిసింది కానీ, అబద్ధం ఎటువైపు ఆడానో పట్టుకోలేకపోయాడు. పొరపాటు మీద కథ నడవదు కదా పిట్టా."

ఆ మాట ఈయన నోట వినాల్సి వస్తుందని ఆమె అనుకోలేదు. కళ్ళు తుడుచుకుని సూటిగా అడిగింది.

"సాయంత్రం ఏది వెయ్యమంటావు? కొత్తది వేస్తే కథలోనైనా నీ మచ్చ పోతుంది."

"అందులో వదిన నవ్వుతుందా, గిన్నె పెట్టాక?"

"నవ్వుతుంది."

"వద్దమ్మా. ఆవిడ ఏడుస్తూ పరిగెత్తింది. పుస్తకంలో ఉన్నట్టే వెయ్యి."

"నువ్వూ కావాలని చెయ్యలేదుగా?"

"నాకు అలవాటైపోయింది." కళ్ళజోడు మళ్ళీ తగిలించుకుని, దారం సరిచేసుకున్నాడు. "వదినకి మటుకు బోర్లించే ఉందని చెప్పు. నువ్వు రచయిత్రివి కదా, నమ్మేట్టు చెప్పు."

వీధిలోకి వచ్చి పిట్ట ఫోన్ తీసింది. పుస్తకంలోదే వెయ్యమని చెప్పింది. దర్శకుడు ఉసూరుమన్నాడు, కానీ సరేనన్నాడు.

చెప్పాక గుండె తేలిక పడుతుందేమో అనుకుంది. పడలేదు. వెంటనే ఇంటికి వెళ్ళే ధైర్యమూ లేకపోయింది. అమ్మతో చెప్పాల్సిన నాలుగు మాటల్నీ నోట్లో తిప్పుకుంటూ, సాయంత్రం దాకా పార్కు బెంచీ మీదే కూర్చుండిపోయింది.

*

ఇంటికి వచ్చేసరికి టీవీ మీద దుప్పటి లేదు. అమ్మ దాన్ని మడిచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. బ్యాంకు నుంచి వచ్చిన తమ్ముడు రిమోట్ చేత్తో పట్టుకుని, నొక్కడానికి భయపడుతున్నాడు.

"ఏమన్నాడు?"

"బోర్లించే ఉందట." పిట్ట నేర్చుకున్నది నేర్చుకున్నట్టు అప్పజెప్పింది. "చీకట్లో తనే చూసుకోలేదట. నీ తప్పేం లేదమ్మా."

అమ్మ తలూపింది. దుప్పటి మీద చేత్తో రాసింది. పిట్ట గట్టిగా ఊపిరి వదలబోయింది.

"మరి ఎత్తి తిప్పకుండా ఎలా పోశాడట?"

ఈ ఇంట్లో ఆ ప్రశ్న అడగడం అందరికీ వచ్చు. జవాబు చెప్పడం ఎవరికీ రాదు.

"చీకటి కదమ్మా…"

"చెయ్యి చూస్తుంది కదే." అమ్మ ఆమె మొహంలోకే చూస్తోంది. "అయితే తెలిసే పోశాడంటావా?"

"లేదమ్మా."

ఆ ఒక్క మాటా ఆలోచించకుండానే వచ్చేసింది. వచ్చాక వెనక్కి తీసుకునే దారి లేదు. పిట్ట అమ్మ కాళ్ళ దగ్గర నేల మీద కూర్చుంది.

"నేను ఏడ్చాను కదూ?"

అమ్మ మొహం పాలిపోయింది.

"ఆ మాట నీకెందుకు చెప్పాడు?" అంది. "నేను ఇన్నాళ్ళూ నీ చెవిన పడకుండా దాచుకున్నానే."

"నీకు గుర్తుందన్నమాట."

"నీ ఏడుపు నేనెలా మరిచిపోతాను? ఆ ఏడుపు గుర్తు తెచ్చుకుంటే గిన్నె బోర్లించడం కుదరదు. రెండూ ఒక్క చేత్తో అయ్యే పని కాదు. అందుకని ఏడుపు లేనట్టే అనుకున్నాను." అమ్మ ఒళ్ళోని దుప్పటి అంచు పిడికిట పట్టింది. "అతనికి తెలుసా? మొదట్నుంచీ తెలుసా?"

"తెలుసు. నీ మీద పడకూడదని తన మీద వేసుకున్నాడు."

తమ్ముడికి ఒక్క ముక్కా అర్థం కాలేదు. అయినా రిమోట్ కింద పెట్టేసి, వచ్చి అమ్మ భుజం పట్టుకున్నాడు.

"ఇవాళ ఏది వేస్తున్నారు?" అంది అమ్మ.

"పుస్తకంలోది. బాబాయే వెయ్యమన్నాడు."

"ఆపించు."

పిట్ట ఫోన్ చేసింది. దర్శకుడి గొంతులో విసుగు లేదు, జాలే ఉంది. "పంపేశాం మేడమ్. ఇంక మన చేతుల్లో లేదు. మొదలవబోతోంది." ఆయన మాట పూర్తి కాకముందే పక్కింటి కిటికీలోంచి సీరియల్ పాట వినపడింది. వెనకాలే ఎదురింట్లోంచి కూడా.

"అతను చూస్తాడా?"

"ప్రతి వారం చూస్తాడమ్మా. ఒక్కడే."

అమ్మ దుప్పటి పక్కన పెట్టి లేచింది. గుమ్మం దగ్గర చెప్పుల్లో కాళ్ళు పెట్టింది. తమ్ముడు ఆటో పిలుస్తానన్నాడు. నాలుగు వీధులకి ఆటో ఏంటని విదిలించి నడక మొదలుపెట్టింది.

మోకాళ్ళ నొప్పులని వీధి చివరి కొట్టు దాకా కూడా వెళ్ళని మనిషి. పిట్ట చెయ్యి పట్టుకోబోతే తోసేసింది. దారి పొడుగునా ఇళ్ళలో అదే గొంతు. కొలతలాయన ముసలావిడ పెద్దకొడుకుని నిలబెట్టాడు. "కొంచెం చేతులు చాచండి." ఇంకో వీధి తిరిగేసరికి కోడలి వంతు. చిన్నకొడుకు దగ్గరికి ఆయన ఆఖర్న వస్తాడని అమ్మకీ తెలుసు, పిట్టకీ తెలుసు. అమ్మ ఇంకా త్వరగా నడవాలని చూసింది. ఒకచోట తూలి గోడ పట్టుకుంది. ఆగలేదు.

దుకాణం షట్టరు సగం దించి ఉంది. అమ్మ వంగి లోపలికి దూరింది. పిట్ట బయటే నిలబడిపోయింది.

లోపల దీపం ఆర్పేసి ఉంది. టీవీ వెలుగులో బాబాయి వీపు కనపడుతోంది. తెర మీద కొలతలాయన చిన్నకొడుకు భుజాల మీద టేపు పరుస్తున్నాడు. "ఎత్తాలి, తిప్పాలి, పట్టుకోవాలి," అంటున్నాడు. "కళ్ళు చూడకపోయినా చెయ్యి చూస్తుంది."

"గిన్నె నేను బోర్లించలేదు," అంది అమ్మ రొప్పుతూ.

బాబాయి వెనక్కి తిరగలేదు. చేత్తో కళ్ళు తుడుచుకోవడం మాత్రం తెలిసింది.

"ఊరుకో వదినా," అన్నాడు. "అన్నయ్య కథ తప్పయిపోతుంది."

కళ్ళజోళ్ళ కోసం వచ్చేవాళ్ళు కూర్చునే స్టూలు ఒకటి గోడ పక్కనుంది. అమ్మ దాన్ని చేత్తో తడిమి, ఆయన పక్కకి లాక్కుని కూలబడింది.

"తప్పే," అంది.